ఇంట్లోనే బ్యాట్ డిటెక్టర్ ఎలా చేసుకోవాలి?

సందె చీకటి పడ్డాక డాబా ఎక్కి అయిదు నిమిషాలు నిలబడండి. వీధి దీపం చుట్టూ గిర్రున తిరుగుతూ, ఉన్నట్టుండి వంకర కొట్టి మళ్లీ చీకట్లోకి జారిపోయే చిన్న గబ్బిలాలు దాదాపు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. రెక్కల చప్పుడు కూడా వినపడదు. ఎంత నిశ్శబ్దంగా ఎగురుతున్నాయో అనుకుంటాం గానీ, ఆ సమయంలో ఆ వీధి మొత్తంలో అందరికంటే గట్టిగా అరుస్తున్నది అవే. నోటికి 10 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే చాలా గబ్బిలాల అరుపు 110 డెసిబెళ్లు దాటుతుంది. మన చెవికి అందదు, అంతే. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. వయసు మీద పడితే అంత కూడా ఉండదు. ఈ అరుపులు చాలావరకు ఆ గీతకు పైనే ఉంటాయి, కొన్ని జాతుల్లో 100 కిలోహెర్ట్జ్ కూడా దాటతాయి.

ఆ అరుపును మన చెవికి పట్టేంత కిందికి దించే పరికరమే బ్యాట్ డిటెక్టర్. మంచిది కొనాలంటే వేలల్లో అవుతుంది. ఇక్కడ చెప్పేది మూడు ఐసీలు (చిప్పులు), ఒక 9 వోల్టుల బ్యాటరీతో ఆదివారం పూట చేసుకునేది. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వస్తే చాలు. ముందే ఒక మాట చెప్పాలి. ఇందులో కష్టం వైర్లు కలపడంలో లేదు. కలిపాక వినపడుతున్నది గబ్బిలమా, లేక మన సర్క్యూట్ తన గోల తాను పెడుతోందా అని తేల్చుకోవడంలో ఉంది. నేను చేసిన మొదటి డిటెక్టర్ రెండు రాత్రులు ఆగకుండా గబ్బిలాలను వినిపించింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం కూడా వినిపించేసరికి అనుమానం వచ్చింది.

ముందు కాస్త లెక్క

"ఫోన్లో యాప్ వేసుకుంటే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఫోన్లు మామూలుగా శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలుస్తాయి, వీటినే శాంపిళ్లు అంటారు. దాంట్లో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ వరకే అవి పట్టుకోగలవు. అందుకే గబ్బిలాల కోసం చేసే రికార్డర్లు సెకనుకు లక్షల్లో శాంపిళ్లు తీస్తాయి. ఆడియోమాత్ అనే చిన్న రికార్డరు 3,84,000 వరకు వెళ్తుంది. పరిశోధన చేసేవాళ్లకు అలాంటివే కావాలి. మనకిప్పుడు కావాల్సింది వినడం మాత్రమే.

వినడానికి పాత పద్ధతులు మూడున్నాయి. హెటెరోడైన్ అంటే రేడియోలో స్టేషన్ పట్టినట్టు డయల్ తిప్పుతూ వినడం. టైమ్ ఎక్స్‌పాన్షన్ అంటే అరుపును రికార్డు చేసి, పది రెట్లు నెమ్మదిగా మళ్లీ వినిపించడం. మూడోది ఫ్రీక్వెన్సీ డివిజన్, వచ్చిన తరంగాలను లెక్కపెట్టి పదహారింటికి ఒకటి చొప్పున బయటికి పంపడం. మనం చేసేది ఇదే. ట్యూన్ చేసే పని లేదు, చౌక, పైగా లెక్కపెట్టే పనంతా ఒకే ఐసీ చేసిపెడుతుంది.

పదహారే ఎందుకు? 40 కిలోహెర్ట్జ్‌ను 16తో భాగిస్తే 2.5 కిలోహెర్ట్జ్ వస్తుంది. మన చెవి బాగా పట్టే చోటు అదే. ఇంకా ఎక్కువతో భాగిస్తే స్వరం మరింత కిందికి, వినసొంపుగా దిగుతుంది కదా అనిపిస్తుంది. ఇబ్బంది ఇక్కడుంది. గబ్బిలం ఒక్కో అరుపు అయిదు మిల్లీసెకన్లు ఉందనుకోండి. 45 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ కాసేపట్లో పట్టేది 225 తరంగాలు. 16తో భాగిస్తే 14 మిగులుతాయి, చెవికి ఒక చిన్న "టిక్" లాగా అందుతాయి. 128తో భాగిస్తే రెండు కూడా మిగలవు. చిల్లరంతా కమిషన్‌కే పోయినట్టు అవుతుంది.

ఏమేం కొనాలి

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క చుట్టు తిరిగితే అన్నీ దొరుకుతాయి. మిగతా చోట్ల ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. నాకు అన్నీ కలిపి నాలుగు వందల లోపే అయింది.

- 40 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ రిసీవర్, ఒకటి
- ఎల్ఎం386 ఐసీలు (సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్లు) రెండు, సీడీ4040 ఐసీ (తరంగాలను లెక్కపెట్టేది) ఒకటి, వాటికి ఐసీ బేస్‌లు (8 పిన్నులవి రెండు, 16 పిన్నులది ఒకటి)
- 10కె పాట్ (వాల్యూమ్ లాగా చేత్తో తిప్పే రెసిస్టర్) ఒకటి, 10కె ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) ఒకటి
- రెసిస్టర్లు: 100 ఓమ్‌లు, 2.2కె, 100కె ఒక్కోటి
- సిరామిక్ కెపాసిటర్లు (వాటి మీద అచ్చు వేసి ఉండే అంకెలివి): 102, 103 ఒక్కోటి, 104 అయితే నాలుగైదు
- ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు: 10 మైక్రోఫారడ్‌వి నాలుగు, 100 మైక్రోఫారడ్‌వి రెండు
- ఇయర్‌ఫోన్ సాకెట్, స్విచ్, బ్యాటరీ క్లిప్, జీరో పీసీబీ (వరసగా రంధ్రాలున్న ఖాళీ బోర్డు), మూత ఉన్న రేకు డబ్బా

ఇందులో మన చెవి లాంటిది మొదటిది, కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రోబో ప్రాజెక్టుల్లో దూరం కొలవడానికి వాడే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ చూసే ఉంటారు. రెండు వెండి కళ్లలాంటి గుండ్రటి డబ్బాలు ఉంటాయి. ఒకదాని దగ్గర టీ అని, ఇంకోదాని దగ్గర ఆర్ అని ఉంటుంది. టీ పంపేది, ఆర్ వినేది. మనకు ఆర్ కావాలి. ఇంట్లో పిల్లల పాత ప్రాజెక్టులో పాడైన సెన్సర్ ఉంటే అందులోంచి పీకేయండి. ఐరన్ ఎక్కువసేపు ఆనించి ఉంచకండి, వేడికి లోపలి పింగాణీ బిళ్ల, సన్నని తీగలు దెబ్బతింటాయి. విడిగా కూడా జతగా అమ్ముతారు. నాకు ఒక షాపతను రెండూ టీవే ఇచ్చాడు, ఇంటికొచ్చేదాకా నేనూ చూసుకోలేదు. టీ కూడా వింటుంది గానీ కాస్త చెవుడు. కారు వెనక పార్కింగ్ కోసం పెట్టే, ముందు మూసి ఉన్న రకం మాత్రం తీసుకోవద్దు.

ఈ రిసీవర్‌కు ఒక పరిమితి ఉంది. అది 40 కిలోహెర్ట్జ్ దగ్గర చాలా చురుగ్గా వింటుంది, అటూ ఇటూ జరిగేకొద్దీ మొద్దుబారుతుంది. మన వీధుల్లో తిరిగే చిన్న గబ్బిలాల అరుపులు పైనుంచి కిందికి జారుతూ 40ల చుట్టుపక్కలకు దిగుతాయి కాబట్టి పని జరిగిపోతుంది. గుహల్లో ఉండే ఆకుముక్కు గబ్బిలాలు చాలావరకు అంతకంటే ఎంతో పైన అరుస్తాయి. వాటి సంగతి దీనికి తెలియదు. డిటెక్టర్ మూగగా ఉంటే అక్కడ గబ్బిలాల్లేవని రాసుకోకండి.

వైరింగ్

బ్రెడ్‌బోర్డు మీద ఒకసారి పెట్టి చూద్దాం అనిపిస్తుంది. అక్కడే నా రెండు రాత్రులు పోయాయి. ఇందులో వేల రెట్లు పెంచే ఆంప్లిఫయర్ ఉంది. బ్రెడ్‌బోర్డు పొడుగాటి తీగల మధ్య అవుట్‌పుట్ శబ్దం చాటుగా ఇన్‌పుట్‌లోకి దూరి సర్క్యూట్ ఈల వేస్తుంది. నేరుగా జీరో పీసీబీ మీదే చేయండి. రిసీవర్ బోర్డుకు ఒక చివర, ఇయర్‌ఫోన్ సాకెట్ రెండో చివర ఉండాలి. మధ్యలో మూడు ఐసీలు వరుసగా. ఐసీ మీద గంటు ఎడమవైపు ఉండేలా పెడితే కింద ఎడమ మూల ఒకటో పిన్ను. అక్కడి నుంచి కింది వరుస కుడికి, పై వరుస మళ్లీ ఎడమకు లెక్కపెట్టుకుంటూ రావాలి.

ఒకటి, పవర్. బ్యాటరీ ప్లస్ స్విచ్ గుండా వచ్చి పవర్ లైను అవుతుంది, మైనస్ గ్రౌండ్ లైను. రెండింటి మధ్య ఒక 100 మైక్రోఫారడ్ పెట్టండి. మొదటి ఎల్ఎం386కు మాత్రం పవర్ నేరుగా ఇవ్వకుండా 100 ఓమ్‌ల రెసిస్టర్ గుండా ఇచ్చి, దాని అవతలి కొస దగ్గర రెండో 100 మైక్రోఫారడ్‌ను గ్రౌండ్‌కు కట్టండి. ఎందుకంటే సీడీ4040 ప్రతిసారీ టకటకా మారుతున్నప్పుడు పవర్ లైను చిన్నగా వణుకుతుంది. ఆ వణుకు మొదటి ఆంప్లిఫయర్‌కు చేరితే అదే గబ్బిలం అనుకుని పెంచి పంపిస్తుంది. ప్రతి ఐసీ పవర్ పిన్ను పక్కనే, గ్రౌండ్‌కు ఒక 104 కూడా పెట్టండి. ఈ పావలా సరుకును చాలామంది వదిలేస్తారు. వదిలేసినవాళ్లకే ఈల వినపడుతుంది.

రెండు, మొదటి ఎల్ఎం386. 6వ పిన్ను పవర్‌కు, 4, 2 పిన్నులు గ్రౌండ్‌కు. రిసీవర్ ఒక కాలు 3వ పిన్నుకు, రెండో కాలు గ్రౌండ్‌కు. రిసీవర్ కాళ్లలో ఒకటి దాని లోహపు డబ్బాకు కలిసి ఉంటుంది. మల్టీమీటర్‌ను బజర్ మోడ్‌లో పెట్టి చూస్తే ఏదో తెలిసిపోతుంది. గ్రౌండ్‌కు వెళ్లాల్సింది అదే. 1, 8 పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్, దాని ప్లస్ 1 వైపు. ఇలా కడితే ఇది 200 రెట్లు పెంచుతుంది. 7వ పిన్ను నుంచి గ్రౌండ్‌కు ఇంకో 10 మైక్రోఫారడ్, మైనస్ గ్రౌండ్ వైపు.

మూడు, రెండో ఎల్ఎం386. మొదటి దాని 5వ పిన్ను నుంచి 102 కెపాసిటర్ గుండా 10కె పాట్ ఒక చివరికి రండి. పాట్ రెండో చివర గ్రౌండ్, మధ్య కాలు రెండో ఎల్ఎం386 3వ పిన్నుకు. ఈ 102, 10కె రెండూ కలిసి జల్లెడలా పనిచేస్తాయి. సుమారు 16 కిలోహెర్ట్జ్ కంటే కింద ఉన్న మాటలు, ఫ్యాన్ రొద, కరెంటు హమ్ అక్కడే చాలావరకు ఆగిపోతాయి. 2, 4 గ్రౌండ్, 6 పవర్. 1, 8 ఖాళీగా వదిలేయండి, 20 రెట్లు పెంచుతుంది. మొత్తం 200 ఇంటూ 20, అంటే 4,000 రెట్లు. మొదలుపెట్టడానికి ఇది చాలు. ఆశకు పోయి ఇప్పుడే 40,000 చేయకండి.

నాలుగు, లెక్కపెట్టే ఐసీ. సీడీ4040కి 16వ పిన్ను పవర్, 8వది గ్రౌండ్. 11వ పిన్ను రీసెట్, దాన్ని కచ్చితంగా గ్రౌండ్‌కు కట్టాలి. గాల్లో వదిలితే ఐసీ లెక్కపెడుతూ పెడుతూ ఎప్పుడు పడితే అప్పుడు సున్నాకు వెళ్లిపోతుంది. రెండో ఎల్ఎం386 5వ పిన్ను నుంచి 103 కెపాసిటర్ గుండా సీడీ4040 10వ పిన్నుకు రండి. అదే 10వ పిన్ను నుంచి 100కె రెసిస్టర్ ప్రీసెట్ మధ్య కాలికి. ప్రీసెట్ మిగతా రెండు కాళ్లలో ఒకటి పవర్‌కు, ఒకటి గ్రౌండ్‌కు.

అయిదు, ఇయర్‌ఫోన్. సీడీ4040 5వ పిన్ను దగ్గర 16తో భాగించిన సిగ్నల్ దొరుకుతుంది. అక్కడి నుంచి 2.2కె రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ (ప్లస్ ఐసీ వైపు) గుండా సాకెట్‌కు. సాకెట్‌లో ఎడమ, కుడి రెండూ కలిపేయండి, మిగిలిన కాలు గ్రౌండ్‌కు. మూడు ఐసీల్లోనూ బయటికొచ్చేది అయిదో పిన్నే. ఎవరూ కావాలని అలా పెట్టలేదు గానీ గుర్తుపెట్టుకోవడానికి హాయిగా ఉంది.

స్పీకర్ పెట్టకుండా ఇయర్‌ఫోన్ అనడానికి కారణం ఉంది. మనకొచ్చేది గరుకైన చదరపు తరంగం. అందులో పై స్వరాలు చాలా ఉంటాయి. స్పీకర్ నుంచి వచ్చే ఆ పై స్వరాలు రిసీవర్‌లోకి వెళ్తే డిటెక్టర్ తన మాట తానే విని మళ్లీ మాట్లాడుతుంది. పెళ్లి పందిట్లో మైకు "కుయ్" మన్నట్టే.

ప్రీసెట్ తిప్పడం: అసలు పని ఇదే

ఐసీలు పెట్టకుండా ముందు బ్యాటరీ తగిలించి, బేస్‌లలో పవర్ పిన్నుల దగ్గర 9 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. తర్వాత బ్యాటరీ తీసి, ఐసీలు పెట్టి, మళ్లీ తగిలించండి. రెండు ఎల్ఎం386ల 5వ పిన్ను దగ్గరా పవర్‌లో సుమారు సగం, అంటే నాలుగున్నర వోల్టులకు అటూ ఇటూగా ఉండాలి. సున్నా గానీ, తొమ్మిది గానీ చూపిస్తే ఎక్కడో తప్పు కలిపారు. ముందుకు వెళ్లకండి.

ఇప్పుడు పాట్‌ను సగానికి తిప్పి, ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, చిన్న స్క్రూడ్రైవర్‌తో ప్రీసెట్‌ను ఒక చివర నుంచి మెల్లగా తిప్పండి. మొదట ఏమీ ఉండదు. మధ్యకు వచ్చేసరికి "కరకర", "సర్ర్" మంటూ చప్పుడు మొదలవుతుంది. ఇంకా తిప్పితే మళ్లీ నిశ్శబ్దం. ఆ కరకర మొదలయ్యే అంచు దాకా వెళ్లి, ఒక్క వెంట్రుకవాసి వెనక్కి వచ్చి, పూర్తిగా ఆగిన చోట వదిలేయండి.

సీడీ4040 ఇన్‌పుట్ ఒక గడప లాంటిది. సిగ్నల్ ఆ గడప దాటితేనే ఒకటి అని లెక్కపెడుతుంది. ప్రీసెట్‌తో మనం చేసేది సిగ్నల్‌ను గడపకు ఎంత దగ్గరగా నిలబెట్టాలో చెప్పడం. మరీ దగ్గరైతే ఆంప్లిఫయర్ సొంత రొద కూడా గడప దాటేస్తుంది. మరీ దూరమైతే గబ్బిలం కూడా దాటలేదు. బ్యాటరీ దిగిపోతున్నా ఈ అమరిక పెద్దగా చెడదు, ఎందుకంటే గడపా, ప్రీసెట్టూ రెండూ ఒకే బ్యాటరీని బట్టి కలిసి దిగుతాయి. ఇది తిప్పడానికి నేను అరగంట పెట్టాను. మిగతా డిటెక్టర్ బాగుందా లేదా అన్నది ఈ అరగంటే తేల్చింది.

పరీక్షకు గబ్బిలం దొరికేదాకా ఆగక్కర్లేదు. గదిలో రెండు మీటర్ల దూరం నుంచి తాళాల గుత్తి ఆడించమనండి. తాళాలు ఒకదానికొకటి తగిలినప్పుడు మనకు వినపడే గలగలతో పాటు అల్ట్రాసౌండ్ కూడా బోలెడు వస్తుంది. డిటెక్టర్ చిటపటలాడాలి. రిసీవర్ ముందు బొటనవేలు, చూపుడువేలు రాపాడించినా వినపడాలి. మాట్లాడితే మాత్రం వినపడకూడదు. ఇంట్లో బాగున్న హెచ్‌సీ-ఎస్ఆర్04 ఉంటే ఇంకా మంచిది. అది దూరం కొలిచిన ప్రతిసారీ 40 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది పల్సులు వదులుతుంది కాబట్టి, కొలత కొలతకీ ఒక "టిక్" పడుతుంది.

అంతా సవ్యంగా ఉంటే అప్పుడు రెండో ఎల్ఎం386 1, 8 పిన్నుల మధ్య మిగిలిన 10 మైక్రోఫారడ్ పెట్టి చూడండి. ఈల రాకపోతే అలాగే ఉంచుకోండి, దూరం పెరుగుతుంది. వస్తే తీసేయండి. 4,000 రెట్లతో స్థిరంగా ఉన్నది, 40,000 రెట్లతో కేకలు పెట్టేదానికంటే మేలు.

గబ్బిలం కాని గబ్బిలాలు

ఆగకుండా ఒకే స్వరం వస్తుంటే అది గబ్బిలం కాదు. ముందు రిసీవర్ రెండు కాళ్లనూ ఒక తీగముక్కతో కలిపేయండి. చెవి మూసేసినట్టే. అయినా స్వరం ఆగకపోతే అది సర్క్యూట్ సొంత ఈల. ఇయర్‌ఫోన్ వైరు రిసీవర్ పక్కగా పోతోందేమో చూడండి, 104లు పెట్టారో లేదో చూడండి, పాట్ తగ్గించండి. రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను గ్రౌండ్‌కు కలిపాక నా దాంట్లో ఈల పూర్తిగా పోయింది. డబ్బా అడుగున అట్టముక్క వేయడం మరిచిపోకండి, లేకపోతే బోర్డు కింది సోల్డర్ చుక్కలన్నీ రేకుకు తగిలి షార్ట్ అవుతాయి. రిసీవర్‌ను రంధ్రంలో నేరుగా బిగించకుండా చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. డబ్బాను చేత్తో పట్టుకున్నప్పుడు వచ్చే గీరుడు చప్పుడు తగ్గుతుంది.

కాళ్లు కలిపితే ఆగి, వదిలితే మళ్లీ వస్తే అది బయటి నుంచి వస్తున్నదే. మా వరండాలో ఒక ఎల్ఈడీ బల్బు ఉంది. అది వెలిగితే నా డిటెక్టర్ బుర్రుమంటుంది, ఆపితే నోరు మూసుకుంటుంది. బల్బు లోపలి డ్రైవర్, ఫోన్ ఛార్జర్ లాంటివి పదుల కిలోహెర్ట్జ్‌లలో కరెంటును కొట్టుకుంటూ ఉంటాయి కాబట్టి ఆ రొద తీగల్లోకి దూరుతుంది. ఎలుకలు రాకుండా ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ డబ్బా పక్కింట్లో ఉన్నా ఇదే గొడవ. కీచురాళ్ల బంధువుల్లో కొన్ని కూడా అల్ట్రాసౌండ్‌లో పాడతాయి. వాటి పాట ఒకే చోటి నుంచి, ఒకే తీరుగా నిమిషాల తరబడి సాగుతుంది. గబ్బిలం వస్తుంది, పోతుంది.

బయటికి తీసుకెళ్దాం

పొద్దు గూకిన ఇరవై ముప్పై నిమిషాల తర్వాత గంటసేపు మంచి సమయం. చెరువు గట్టు, గుడి ప్రాంగణం, చెట్ల మధ్య ఒంటరి వీధి దీపం, ఇవి మంచి చోట్లు. ఆకాశం ఇంకా కాస్త వెలుగుగా ఉండగానే వెళ్తే కంటికి కనిపించేదీ, చెవికి వినిపించేదీ జతపరుచుకోవచ్చు.

రిసీవర్‌ను గబ్బిలం వైపు తిప్పి పట్టుకోవాలి, టార్చిలైటు పట్టినట్టు. పక్కకు తిప్పితే వినపడదు. ఈ చిన్న విషయం పెద్దవాళ్లనే తికమక పెట్టింది. 1938లో హార్వర్డ్‌లో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి, కీటకాల శబ్దాలు వినడానికి జి.డబ్ల్యు. పియర్స్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చేసుకున్న అల్ట్రాసౌండ్ యంత్రం ముందుకు గబ్బిలాలను తీసుకెళ్లాడు. చేతిలో పట్టుకున్నప్పుడు యంత్రం చక్కగా పలికింది. గదిలో వదిలేస్తే మాత్రం సరిగా పలకలేదు. అది ఒకే దిక్కు నుంచి వినే యంత్రం కావడం, గబ్బిలం అటు తిరగకపోవడం దానికి కారణం. దాంతో ఈ అరుపులు దారి వెతుక్కోవడానికేనా అని వాళ్లే సందేహపడ్డారు. తర్వాత గ్రిఫిన్, రాబర్ట్ గలాంబోస్ కలిసి చెవులు, నోరు మూసి చూసి, ప్రతిధ్వనితోనే ఎగురుతున్నాయని తేల్చారు. ఎకోలొకేషన్ అనే మాట 1944లో గ్రిఫిన్ పెట్టిందే.

అందుకే ఒక్క క్షణం వినపడి ఆగిపోతే నిరాశ పడకుండా డబ్బాను మెల్లగా గబ్బిలం వెంట తిప్పండి. దూరం మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని గాలే మింగేస్తుంది, దూరంతో మామూలుగా తగ్గేది కాక మీటరుకు సుమారు ఒక డెసిబెల్ చొప్పున. ఇంట్లో చేసిన దానికి పది పదిహేను మీటర్లు వినపడితే బాగా కుదిరినట్టే.

ఏం వినపడుతుంది? ఖాళీగా ఎగురుతున్నప్పుడు సెకనుకు పది చొప్పున "టిక్ టిక్ టిక్" అని. పురుగు జాడ తగిలితే టిక్కులు దగ్గరవుతాయి, ఇంకా దగ్గరవుతాయి, చివరికి "టిటిటిటిబర్ర్ర్" అని ఒకే గీతలా కలిసిపోయి, టక్కున ఆగుతాయి. పురుగును అందుకునే ఆ ఆఖరి క్షణంలో సెకనుకు దాదాపు రెండు వందల అరుపులు వరకు ఉంటాయి. దీన్ని ఫీడింగ్ బజ్ అంటారు. ఆ తర్వాత చిన్న విరామం వచ్చి, మళ్లీ మామూలు టిక్కులు.

మొన్న తొలకరి వాన పడిన సాయంత్రం మా వీధి దీపం చుట్టూ ఉసిళ్లు లేచాయి. ఎక్కడి నుంచి వచ్చాయో గబ్బిలాలు కూడా దిగాయి. నేను డాబా మీద డబ్బా పట్టుకుని తిరుగుతుంటే అమ్మమ్మ వచ్చింది.

"ఏంట్రా అది? చెవిలో పెట్టుకుని దీపం చుట్టూ తిరుగుతున్నావు, నువ్వూ ఉసిలి పురుగువయ్యావా?"

ఇయర్‌ఫోన్ ఆవిడ చెవిలో పెట్టాను. కాసేపు విని, "మూకుట్లో పేలాలు వేగుతున్నట్టుందిరా" అంది. అంతలో ఒక బజ్ వచ్చింది. "అదిగో, మాడిపోయాయి" అని తీసి ఇచ్చేసింది. టిక్కులకూ బజ్‌కూ అంతకంటే మంచి పోలిక నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

మర్రిచెట్టుకో చింతచెట్టుకో తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాల దగ్గరికి మాత్రం దీన్ని తీసుకెళ్లి లాభం లేదు. రెక్కలు చాపితే మీటరు దాటే ఆ పండ్ల గబ్బిలాలు అల్ట్రాసౌండ్ వాడవు. కళ్లతో చూసి, వాసన పట్టి పండ్లు వెతుక్కుంటాయి. వాటి కీచులాట మన మామూలు చెవికే వినపడుతుంది. గబ్బిలాలు గుడ్డివన్న మాట చిన్నవాటి విషయంలో కూడా నిజం కాదు, వాటికీ కళ్లు కనిపిస్తాయి.

కింద పడిన గబ్బిలాన్ని, ఎంత చిన్నదైనా సరే, ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. కరిస్తే, గీరితే వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. పాడుబడ్డ గదుల్లో, గుహల్లో అవి నిద్రపోయే చోటికి దూరి లైట్లు వేసి లేపొద్దు. ఈ డబ్బా పనే దూరం నుంచి వినడం.

ఒక నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లండి. తేదీ, వాన పడిందా లేదా, మొదటి టిక్ ఎన్ని గంటలకు, పది నిమిషాల్లో ఎన్ని బజ్‌లు, ఇవి రాస్తే చాలు. శబ్దం ఎంత గట్టిగా వచ్చిందో రాయకండి. సీడీ4040కి గట్టి, మెల్ల తేడా తెలియదు. దగ్గరి గబ్బిలమైనా దూరపుదైనా ఇది ఒకే గొంతుతో చెబుతుంది. ఇయర్‌ఫోన్ శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేసి స్పెక్ట్రమ్ యాప్‌లో చూస్తే స్వరం ఎంతో తెలుస్తుంది, దాన్ని 16తో గుణించుకోవచ్చు. 2.8 కిలోహెర్ట్జ్ కనిపిస్తే అసలు అరుపు 44.8 అన్నమాట. మన రిసీవర్‌కు 40 మీద మక్కువ కాబట్టి ఈ అంకెను చూసి జాతి పేరు తేల్చేయకండి.

టిక్కులు మరీ మొద్దుగా అనిపిస్తే ఇయర్‌ఫోన్ తీగను సీడీ4040 5వ పిన్ను నుంచి 6వ పిన్నుకు మార్చి చూడండి. అక్కడ 8తో భాగించినది దొరుకుతుంది, స్వరం రెట్టింపు పదునవుతుంది. 3వ పిన్ను దగ్గర 32తో భాగించినది ఉంటుంది. పై స్వరాలు అంతగా వినపడని పెద్దవాళ్లకు అది హాయి. మా అమ్మమ్మ కోసం అక్కడొక చిన్న స్విచ్ పెట్టాను.